తిప్పి గీసి చూడు

అబ్బీ మాబూ, ముందు ఆ అంచుకు పట్టిన పొట్టు ఊదు.
రవ్వంత పొట్టు చాలు
తలుపు బతుకంతా ఓరగా నిలబడేదానికి.

అందరూ దీన్ని స్పీడ్ స్క్వేర్ అంటారు.
కంబగిరి మేస్త్రి మాత్రం కన్ను మూసేదాకా
'ఆ సమోసా ఇట్లియ్యి' అనే అన్నాడు.
మూడు మూలలు, ఒకపక్క మందంగా పెదవి.
ఆ పెదవి కొయ్య అంచును కరుచుకోవాల,
వెలుతురు దూరే సందు ఉండగూడదు.
సందు ఉందో లేదో కన్ను కాదు,
ఎడమ బొటనవేలు చెప్తాది.
ఈ మైదుకూరు రోడ్డు మీద
మే నెల మధ్యాన్నం అల్యూమినియం సురసుర కాల్తాది.
అయినా పట్టు వదలొద్దు.

మట్టం పెట్టినాక గుర్తును వెతుక్కోవద్దు.
పెన్సిలు మొనను ముందు గుర్తు మీద నిలబెట్టు.
గుంజ కాడికి ఆవును తోలుకొచ్చినట్ల
మట్టాన్ని దాని కాడికి జరుపుకుంటా రా.
తగిలిందా? ఇంగ ఒకేసారి గీయి.
గీత మీద గీత గీస్తే
రంపానికి రెండు దోవలు చూపించినట్ల.

కోసేది గీత మీద కాదు, గీతకు అవతల.
పారేసే పక్క ఒక ఇంటూ వెయ్యి.
ఇంటూ వెయ్యక నేను కోసి పాడుచేసిన టేకుముక్క
మా ఇంట్లో ఇప్పటికీ రొట్టెల పీట.

ఈ మూల మేకు అనుకో.
మేకును కదిలీకుండా తక్కినదాన్ని తిప్పు,
నీకు కావలసిన అంకె కొయ్య అంచు కాడికి వస్తాది.
ఫోటో చట్రానికి నలభై అయిదు.
కోళ్ల షెడ్డు వాలుకు ఎంతంటే
కోళ్లనడుగు, నన్నడగొద్దు, కొలిచి రా.
నడుమ గాట్లు ఉండాయే, అవి అందానికి కాదు.
గాట్లో పెన్సిలు నాటి లాక్కుంటా పోతే
చెక్క పొడుగునా చాలు తోలినట్ల గీత.

కరెంటు రంపానికి దీన్నే గోడగా ఆనించొచ్చు.
వేళ్లు మాత్రం గోడకు ఇవతలే ఉండాల.
సుంకన్న కుడిచెయ్యి చూసినావు గదా,
ఎట్లా అని అడగొద్దు.

ఇంగ అసలు సంగతి.
ఒకసారి మిద్దె మీదినుంచి నా మట్టం జారి
కింద బండల మీద మూలపోటు పడింది.
తీసి చూస్తే చిన్న నొక్కు, అంతే.
తొడకు తుడుచుకుని జేబులో పెట్టుకున్నా.
పదకొండు రోజులు దాంతోనే గీసినా, దాంతోనే కోసినా.
జమ్మలమడుగులో దస్తగిరమ్మ ఇంటి తలుపు
బిగించిన రోజు నుంచే గడియ పడలా.
వేపకొయ్య ఉబ్బింది అన్నా.
గోడ వాలింది అన్నా.
నాలుగు నెలలుగా వానే లేదు, అయినా వాన అన్నా.

మేస్త్రి ఏమీ అనలా.
నున్నటి పలక ఒకటి తెచ్చి నా ముందర పెట్టినాడు.
'చుక్క పెట్టు. గీయి.
ఇప్పుడు దాన్ని బోర్లా తిప్పు,
అదే అంచు, అదే చుక్క. మళ్లా గీయి.'
రెండు గీతలూ ఒకే చుక్క కాడ పుట్టినాయి,
పలక చివరికి పోయేసరికి
నడుమ వడ్లగింజ పట్టేంత ఎడం.
దాంట్లో సగం మట్టానిది.
తక్కిన సగం ఎవరిదని ఆయన అడగలా.

మరుసటి ఆదివారం చిత్రిక తీసుకుని జమ్మలమడుగు పోయినా.
దస్తగిరమ్మ టీ ఇచ్చింది, తలుపు ఇయ్యలా.
'యాలబ్బీ, నా చెయ్యికి తెలిసిపోయింది.
రోంత ఎత్తి నూకితే పడుతుంది' అని
ఎత్తి, భుజంతో నూకి చూపించింది.
పడింది.

ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉండాది.
పొద్దున ఒకసారి, మాపున ఒకసారి
నా తప్పును ఎత్తి నూకుతాంది.

ఆ గోడకు మేకున వేలాడేది ఆ మట్టమే.
దాన్ని తియ్యొద్దు.
నీది కొత్తదే, అయినా చుక్క పెట్టు.
గీయి.
తిప్పు.